కట్టు మీది గళ్ళు

ఫ్రిజ్ తలుపు మీద అంటించిన కాగితాన్ని డిటెక్టివ్ సార్జెంట్ నెల్ ట్రెగియర్ మూడోసారి చదువుతోంది. అందులో కొత్త సంగతేమీ లేదు. దాని మీంచి చూపు తిప్పితే వంటింటి తలుపు కింద రెండంగుళాల సందు కనిపిస్తుంది, ఆ సందు చూస్తే ఆమెకు ఒళ్ళు జలదరిస్తుంది. పద్దెనిమిదేళ్ళ ఉద్యోగంలో కత్తులు చూసింది, తుపాకులు చూసింది, ఒకసారి తన మీదికే ఎత్తిన గొడ్డలి చూసింది. పాము పేరెత్తితే మాత్రం నెల్‌కి చచ్చేంత భయం. ఈ సంగతి డిపార్ట్‌మెంటులో ఎవరికీ తెలియనివ్వలేదు. తెలియనివ్వలేదు కాబట్టే పై అధికారి ఈ కేసు తీసుకొచ్చి ఆమె నెత్తిన పెట్టాడు.

కాగితం మీద రాత బడిపంతులు రాసినంత గుండ్రంగా ఉంది.

'పాము కరిస్తే పరిగెత్తకు, నడవకు, కదలకు. కడగకు, కొయ్యకు, నోటితో పీల్చకు, తాడు బిగించకు. బట్టలు విప్పకుండా పైనే కట్టు కట్టు. ముందు కాటు మీద, తర్వాత కాలివేళ్ళ నుంచి తొడదాకా. కట్టు మీద అచ్చేసిన గళ్ళు చూడు: పొడుగ్గా ఉంటే వదులు, చదరంగా సాగితే సరి. బద్ద పెట్టి కదలకుండా చెయ్యి. కాటు చోట ఇంటూ గుర్తు పెట్టు, పక్కనే టైము రాయి. ఫోన్ చెయ్యి.'

కింద సంతకం: వారెన్ కోర్డెల్.

"యారంబీ చుట్టూ అరవై కిలోమీటర్లలో ఈ కాగితం లేని ఫ్రిజ్ ఉంటే చూపించండి, నా టోపీ మీకిచ్చేస్తా" అన్నాడు సార్జెంట్ గార్త్ ముల్లిన్స్. యారంబీ పోలీస్ స్టేషన్ అంటే అతనూ, ఒక జీపూ. మనిషి తలుపంత ఉంటాడు. మూడు రోజుల క్రితం చచ్చిపోయిన ఇల్లాలి కోసం ఇరుగుపొరుగు తెచ్చిచ్చిన ఫ్రూట్ కేకు అతని చేతిలో నాలుగో ముక్క.

"టోపీ మీ దగ్గరే ఉండనివ్వండి. ఎండగా ఉంది" అంది నెల్.

టైము రెండూ ఇరవై. సాయంత్రం అయిదుకల్లా కాగితాలు యారంబీ నుంచి వెళ్ళిపోతాయి. ఐల్సా కోర్డెల్, అరవై ఒక్క ఏళ్ళు, మంగళవారం మధ్యాహ్నం బ్రౌన్ పాము కాటుతో మృతి, ప్రమాదం. ముల్లిన్స్ సంతకం అప్పుడే పడింది. సోమవారం దహనం అయిపోతే ఇక అడగడానికీ ఏమీ మిగలదు, చూడడానికీ మిగలదు. నెల్ దగ్గర ఉన్నది రెండున్నర గంటలు, ఒక ఫోటో, చనిపోయినావిడ చెల్లెలు నోరీన్ చెప్పిన ఒక్క మాట.

ఐల్సా భర్త వారెన్ కోర్డెల్ టీ కెటిల్ దించి ముగ్గురికీ పోశాడు. అరవై మూడేళ్ళ మనిషి, సన్నగా, నిటారుగా ఉన్నాడు. తెల్ల గడ్డం శుభ్రంగా కత్తిరించుకున్నాడు, చేతుల గోళ్ళు డాక్టరు గోళ్ళలా ఉన్నాయి. ఇరవై రెండేళ్ళుగా ఈ జిల్లాలో పాము కాటుకు ప్రథమ చికిత్స నేర్పుతున్నది ఆయనే. ఎవరింట్లో పాము దూరినా పట్టుకెళ్ళి దూరంగా వదిలొచ్చేదీ ఆయనే.

"మంగళవారం సంగతి ఇంకోసారి చెప్పండి" అంది నెల్.

"ఎన్నిసార్లయినా చెబుతాను తల్లీ. రెండింటికి కట్టెల కోసమని ఐల్సా ఉన్ని షెడ్డు వైపు వెళ్ళింది. రెండూ పదికి కేక వినిపించింది. పరిగెత్తాను. పిక్క మీద కాటు. కట్టు కట్టాను, బద్ద పెట్టాను. రెండూ పదిహేనుకి ఇంటికొచ్చి ఫోన్ చేశాను. అంబులెన్సు మూడూ ఇరవైకి వచ్చింది. అప్పటికే…" ఆయన చెంచాతో టీ కలుపుతూ ఆగాడు. అందులో పంచదార వెయ్యలేదు.

"అయిదు నిమిషాల్లో కట్టు, బద్ద, ఫోనూనా?"

"ఆయన చేతివేగం మీకు తెలీదు" అన్నాడు ముల్లిన్స్ నోట్లో కేకుతో.

"నేను అడిగింది మిమ్మల్ని కాదు సార్జెంట్." నెల్ నోటుబుక్కు తిప్పింది. "ఐల్సా గారు ఆరోజు ఒంటిగంటా ఇరవై అయిదు దాకా చెల్లెలితో ఫోన్లో మాట్లాడారు. 'ఉండవే, షెడ్డు దగ్గర కుక్క గోలపెడుతోంది, చూసొచ్చి మళ్ళీ చేస్తా' అని పెట్టేశారు. మళ్ళీ చెయ్యలేదు. నలభై అయిదు నిమిషాలు ఏం చేశారు?"

"వెళ్ళింది, కుక్కని కసిరింది, వచ్చింది. ఇదిగో, ఈ కుర్చీలోనే కూర్చుని టీ తాగింది."

"చెల్లెలికి ఫోన్ చెయ్యకుండానా?"

"నోరీన్‌తో మాట్లాడారా మీరు?"

"మాట్లాడాను."

"ఎంతసేపు?"

"గంటా పది నిమిషాలు."

"మరి? ఒకసారి బయటపడ్డవాళ్ళు వెంటనే మళ్ళీ చేస్తారా తల్లీ?"

ముల్లిన్స్ పగలబడి నవ్వాడు. నెల్‌కి కూడా నవ్వొచ్చింది, అందుకు తనమీద తనకే కోపం వచ్చింది. ఈయన మంచివాడిలా ఉన్నాడు. మంచివాళ్ళలా ఉండేవాళ్ళతోనే చావు.

"గొర్రెల ఉన్ని కోతలు అయ్యాక ఈ ఫారం అమ్మేసి, సముద్రం పక్కన చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతానన్నారట కదా ఆవిడ. మీరు లేకుండా."

కప్పులో చెంచా ఆగిపోయింది.

"ఇది పాట్రిజ్ వాళ్ళ ఫారం" అన్నాడు వారెన్ నెమ్మదిగా. "మా మామగారిది. ముప్పై ఒక్క ఏళ్ళు నేను చాకిరీ చేసినా, ఇప్పటికీ ఎవరినడిగినా పాట్రిజ్ వాళ్ళ ఫారం అనే దారి చెబుతారు. ఆవిడ పుట్టింటి ఆస్తి. అమ్ముకుంటే ఆవిడ ఇష్టం. నేనెవణ్ణి కాదనడానికి?"

గొంతులో కోపం లేదు. గడ్డం కింద నరం ఒకటి మాత్రం లేచి పడింది.

నెల్ ఫైలులోంచి ఫోటో తీసింది. ఆస్పత్రి నర్సు కట్టు కోసెయ్యకముందు తీసిన ఫోటో అది. ప్యాంటు మీదుగా కాలివేళ్ళ నుంచి తొడదాకా కట్టు, రెండు పక్కలా బద్దలు, పిక్క దగ్గర నల్ల పెన్నుతో ఇంటూ గుర్తు, పక్కన '2:10'. కట్టు ఆస్పత్రి చెత్తలో కాలిపోయింది, మిగిలింది ఈ బొమ్మే. ఇందులో ఏదో తప్పుంది. మూడు రోజులుగా నెల్ దాన్ని చూస్తూనే ఉంది, ఏమిటో అంతుపట్టడం లేదు.

"కట్టు చక్కగా ఉంది కదూ?" అన్నాడు వారెన్, తలకిందులుగా ఫోటో చూస్తూ. "అదొక్కటే నాకు తృప్తి. చెయ్యాల్సినవన్నీ చేశాను."

* * *

గొడవ పెరట్లో మొదలైంది. మొదలుపెట్టింది ముల్లిన్స్.

"అయిందా మీ తతంగం?"

"షెడ్డు చూడాలి."

"బుధవారం నేను చూశాను. ఫోటోలు తీశాను. రాశాను. మీకు చదువొచ్చనుకుంటా?"

"చదివాను. మీరు రాసింది పదకొండు లైన్లు. అందులో నాలుగు వారెన్ గారి మంచితనం గురించి."

ముల్లిన్స్ మొహం ఎర్రబడింది. "సిటీ నుంచి దిగుతారు. ప్రతి పాము వెనకాలా ఒక మనిషి కనిపిస్తాడు మీకు. ఇక్కడ పాములు వాటంతట అవే కరుస్తాయమ్మా, వాటికి ఎవరూ చెప్పక్కర్లేదు."

"మనిషి కూడా కరుస్తాడు. పళ్ళగాట్లు పడవంతే."

"మా పిల్ల రోజీకి ఆరేళ్ళప్పుడు ఈ బ్రౌన్ పామే కరిచింది" అన్నాడతను. ఇప్పుడు గొంతులో ఎత్తిపొడుపు లేదు. "గంటన్నర దూరం ఆస్పత్రి. ఈయనొచ్చి కట్టు కట్టాడు. నొప్పి నాన్నా, బిగుతుగా ఉంది నాన్నా, విప్పెయ్ నాన్నా అని అది ఒకటే ఏడుపు. నేను విప్పబోతే ఈయన నా చెయ్యి మీద ఒక్కటిచ్చాడు. ఆ దెబ్బకి నా కూతురు ఇవాళ కాలేజీలో ఉంది. ఆ మనిషిని పట్టుకుని పెళ్ళాన్ని చంపావా అంటారా మీరు?"

నెల్ ఫైలు చంకలో పెట్టుకుంది.

"నేను షెడ్డు చూస్తాను" అంది.

"చూసుకోండి. నేను గుట్ట మీదికి పోయి సూపరింటెండెంటుకి ఫోన్ చేస్తున్నా. ఇక్కడ సెల్లు పనిచెయ్యదు. అరగంటలో మిమ్మల్ని వెనక్కి పిలిపించకపోతే నా పేరు గార్త్ కాదు."

జీపు దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయింది. వచ్చింది అందులోనే అన్న సంగతి నెల్‌కి దుమ్ము అణిగాక గుర్తొచ్చింది. టైము రెండూ యాభై అయిదు.

షెడ్డు ఇంటికి రెండొందల అడుగుల దూరం. ఆ దూరమంతా నెల్ నేల మీద బూట్లు దబదబా కొడుతూ నడిచింది. చప్పుడు చేస్తే పాములు తప్పుకుంటాయని చిన్నప్పుడెవరో చెప్పారు. గుమ్మం దగ్గర ఆగి ఊపిరి తీసుకుంది. లోపలికి వెళ్ళకుండానే చూశానని రాసేస్తే ఎవరికి తెలుస్తుంది? నోరీన్ గొంతు గుర్తొచ్చింది: "మా అక్క మాటంటే మాటే. మళ్ళీ చేస్తానంటే చేస్తుంది." నెల్ లోపల అడుగుపెట్టింది.

లోపల గొర్రెల జిడ్డు వాసన. చెక్కపలకల నేల, సందుల కింద చీకటి. ఆ సందుల వైపు చూడకూడదని ఒట్టు పెట్టుకుని గోడ వైపు టార్చి వేసింది. పాములు పట్టే కొక్కెం, పక్కన వరసగా అయిదు మేకులు, మేకుల పైన గోడకి సుద్దతో అంకెలు. ముల్లిన్స్ బుధవారం తీసిన ఫోటోలో అయిదు మేకులకూ అయిదు ఖాళీ గుడ్డ సంచులున్నాయి. పాములు పట్టాక వేసుకొచ్చే సంచులవి.

ఒకటి, రెండు, నాలుగు, అయిదు.

మూడో మేకు ఖాళీగా ఉంది.

ఎవరో బుధవారం తర్వాత ఆ సంచి వాడారు. టార్చి కిందికి దించింది. మేకుల కిందే బల్ల, బల్ల మీద పాత ఉన్ని కుప్ప, కుప్ప పక్కనుంచి తెల్లగుడ్డ అంచు, దాని మీద సుద్దతో మూడు అంకె. మూతి విప్పి ఉంది. దగ్గరగా చూద్దామని ఒక్క అడుగు వేసింది.

పిక్కలో ముల్లు గుచ్చుకున్నట్టయింది. అంతే. కిందికి చూసేసరికి గోధుమరంగు తోక ఒకటి తొందరేమీ లేకుండా పలకల సందులోకి జారిపోతోంది.

నెల్ అరిచింది. తన గొంతు అంత పెద్దదని ఆమెకు అప్పటిదాకా తెలియదు.

కాళ్ళు పరిగెత్తమన్నాయి. పరిగెత్తకు, నడవకు, కదలకు. ఫ్రిజ్ మీద గుండ్రటి అక్షరాలు కళ్ళముందు తిరిగాయి. ఉన్న చోటనే పలకల మీద కూలబడి, వెల్లకిలా పడుకుంది. కింద సందుల్లో అది ఉంది. తన వీపుకు జానెడు కింద ఉంది. కదలకూడదు. వాచీ చూసుకుంది: మూడూ రెండు. కన్నీళ్ళు చెవుల్లోకి కారాయి, తుడుచుకోవడానికి కూడా చెయ్యి లేపలేదు.

"కదలకు తల్లీ, కదలకు. నేనొచ్చేశాను." వారెన్ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. చేతిలో ఎర్ర పెట్టె. ఆ క్షణంలో ఆయన్ని చూసి నెల్‌కు కలిగిన సంతోషం తల్లిని చూసినా కలిగేది కాదేమో. "ఎక్కడ?"

"కుడి పిక్క. బయటివైపు."

"నొప్పి ఉందా?"

"లేదు."

"ఉండదు. ఈ జాతి పాము చీమ కుట్టినట్టే కుడుతుంది. అన్ని కాట్లలోనూ విషం దిగదు, భయపడకు. నెమ్మదిగా ఊపిరి తీసుకో." కట్టు ఉండ విప్పుతూ ప్యాంటు మీదే చుట్టసాగాడు. ముందు కాటు మీద, తర్వాత కాలివేళ్ళ నుంచి పైకి. చేతులు వణకలేదు. మాట మెత్తగా ఉంది. "ఎంతమందికి కట్టానో తెలుసా ఈ చేతుల్తో? ఇరవై ఏడుమందికి. నువ్వు ఇరవై ఎనిమిది."

"ఎంతమంది బతికారు?"

"ఒక్కరు తప్ప అందరూ."

తొడదాకా చుట్టి, చివర పిన్ను పెట్టి లేచాడు. "ఇంటికెళ్ళి ఫోన్ చేసొస్తా. బద్దలు తెస్తా. నువ్వు రాయిలా ఉండు."

నెల్ రాయిలా ఉంది. రేకుల కప్పు ఎండకు టపటపమంటోంది. మూడూ ఎనిమిది. కట్టు మెత్తగా, హాయిగా ఉంది, చలికాలం మేజోడు వేసుకున్నట్టుంది. దేవుడి చేతులు ఈయనవి, నేనెంత పాపిష్ఠిదాన్ని అనుకుంది. మూడూ పదకొండు. తలలో ఎక్కడో నొప్పి మొదలైంది. ఫోన్ చెయ్యడానికి ఎంతసేపు కావాలి? మూడూ పద్నాలుగు. ఈయన ఇందాక ఎంత తొందరగా వచ్చాడు! నేను అరిచి నిమిషం కాలేదు. రెండొందల అడుగులు, పెట్టె వెతికి, పట్టుకుని, అరవై మూడేళ్ళ మనిషి. రొప్పు కూడా లేదు.

పెట్టె చేతిలో పట్టుకుని గోడ అవతలే నిలబడినవాడికి రొప్పు ఎందుకుంటుంది?

నొప్పి నాన్నా, బిగుతుగా ఉంది నాన్నా, విప్పెయ్ నాన్నా.

ఆరేళ్ళ పిల్లకి నొప్పి పుట్టింది. నాకు హాయిగా ఎందుకుంది?

తల మాత్రం, ఒక్క అంగుళం, పైకి లేపింది. కట్టు మీద వరసగా అచ్చేసిన గోధుమరంగు గళ్ళు. ఒక్కొక్కటీ పొడుగ్గా, అగ్గిపెట్టె ఆకారంలో ఉంది. పాదం దగ్గర పొడుగు, పిక్క దగ్గర పొడుగు, మోకాలి పైన పొడుగు. ఒక్క చదరం లేదు.

ఫైలు ఆమె పడ్డప్పుడే పక్కన విచ్చుకుపోయింది. ఐల్సా కాలు ఫోటో చేతికందే దూరంలో ఉంది. మూడు రోజులుగా చూస్తున్నది ఇంటూ గుర్తుని, అంకెల్ని, బద్దల్ని. గళ్ళని ఒక్కసారైనా చూసిందా? ఇప్పుడు చూసింది. అవీ అగ్గిపెట్టెలే.

కట్టు కట్టినట్టే ఉంది. కానీ కట్టలేదు. విషం తన దారిన తాను పైకి పోతుంది, చూసినవాళ్ళు ఎంత చక్కగా చుట్టాడో అనుకుంటారు. జిల్లా అంతటికీ గళ్ళ లెక్క నేర్పినవాడు ఈ పొరపాటు చెయ్యడు.

అరవాలనిపించింది. అరిస్తే వినేది ఆయనొక్కడే. పరిగెత్తాలనిపించింది. పరిగెత్తితే ఆయనకు పని తగ్గుతుంది. కట్టు కొస లాగి తనే బిగించుకుందామని చెయ్యి తొడ మీదికి పాకించింది. అడుగుల చప్పుడైంది. చెయ్యి వెనక్కి తీసుకుంది.

వారెన్ రెండు బద్దలు పెట్టి నాలుగు చోట్ల కట్టాడు. జేబులోంచి నల్ల పెన్ను తీసి పిక్క మీద ఇంటూ గుర్తు పెట్టాడు. పక్కన రాశాడు: '3:15'.

వాచీ మూడూ పంతొమ్మిది చూపిస్తోంది. కాటు పడింది మూడూ రెండుకి. ఇలాగేనన్నమాట. ఐల్సావి ఆ నలభై అయిదు నిమిషాలూ మాయమైంది ఇలాగే, ఈ పెన్నుతోనే.

"ఫోన్… చేశారా?"

"చేశాను తల్లీ. బయల్దేరారు."

"థాంక్స్" అంది నెల్. ఆ మాట పలకడానికి ఉన్న ధైర్యమంతా ఖర్చయింది. "కట్టు హాయిగా ఉంది."

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత పక్కనున్న ఫోటోలోకి చూశాడు. దాన్ని తీసి ఫైలులో పెట్టి, ఫైలు మూసి, తన ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఎక్కువ మాట్లాడకు" అన్నాడు. "నిద్రొస్తే నిద్రపో. నేను కూర్చుంటాను."

నిమిషాలు గడిచాయి. చిగుళ్ళ దగ్గర ఉప్పగా తగిలింది, నెత్తురేమో. కళ్ళు మూస్తే మళ్ళీ తెరవనేమోనని రేకుల మేకులు లెక్కపెట్టింది. నలభై మూడో మేకు దగ్గర దూరంగా జీపు చప్పుడు వినిపించింది.

వారెన్‌కూ వినిపించింది. లేవబోయి, మళ్ళీ కూర్చున్నాడు.

ముల్లిన్స్ గుమ్మంలో నిలబడ్డాడు. మొహం మాడిపోయి ఉంది. సూపరింటెండెంటు తలంటినట్టున్నాడు. "ఏమ్మా డిటెక్టివ్ గారూ, మీ పెద్దాయన నన్నే… ఓరి దేవుడా! ఏమైంది?"

"బ్రౌన్ పాము" అన్నాడు వారెన్. "మూడుంపావుకి. కట్టు కట్టాను, ఫోన్ చేశాను. విషం తలకెక్కుతున్నట్టుంది ఒరే గార్త్, పిచ్చిమాటలు మొదలెడుతుంది. పట్టించుకోకు."

అయిపోయింది అనుకుంది నెల్. ఇప్పుడు తను ఏం చెప్పినా పిచ్చిమాటే. ఈ మనిషి చంపుతున్నాడంటే ముల్లిన్స్ నమ్ముతాడా? తను చెబితే నమ్మడు. తను చెప్పకూడదు. అతనే చూడాలి.

"గార్త్" అంది. అతన్ని పేరుపెట్టి పిలవడం అదే మొదలు. "మీ ఫ్రిజ్ మీద… గళ్ళ గురించి ఏం రాసుంది?"

"ఏంటీ?"

"చూశావా, మొదలైంది" అన్నాడు వారెన్.

"గళ్ళు. పొడుగ్గా ఉంటే ఏంటి? చదరంగా ఉంటే ఏంటి? నాకు గుర్తు రావట్లేదు. చూసి చెప్పు గార్త్. రోజీ మీద ఒట్టు."

కూతురి పేరు వినగానే ముల్లిన్స్ కసురుకోబోయాడు. నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండి ఆమె కాలు వైపు చూశాడు. పిక్క నుంచి మోకాలికి, మోకాలి నుంచి పాదానికి చూశాడు. మోకాళ్ళ మీద కూర్చుని కట్టు కిందికి వేలు పెట్టాడు. వేలు దూరింది. రెండో వేలు పెట్టాడు. అదీ దూరింది.

"వారెన్ గారూ" అన్నాడు, మెల్లగా. "ఇది వదులైపోయింది. చూసుకోలేదా మీరు?"

"కండ వాచాక సరిపోతుందిలే."

"వాచేదాకా ఆగమని మాకెప్పుడూ చెప్పలేదే మీరు. ఇంకో కట్టు ఇవ్వండి, దీని మీదే వేద్దాం."

"లేదు. అయిపోయాయి."

"పెట్టెలో ఎప్పుడూ మూడుండాలని చెప్పింది మీరే కదా."

వారెన్ పెట్టె మూత మూశాడు. ముల్లిన్స్ ఇక అడగలేదు. జీపు దాకా పరిగెత్తి తన పెట్టె తెచ్చాడు. పాత కట్టు విప్పకుండా దాని మీదే కొత్తది వేసి, పళ్ళు బిగించి లాగాడు. నెల్ ప్రాణం కాలిలోకొచ్చింది. గావుకేక పెట్టింది.

"నొప్పా?"

"నొప్పే! ఇంకా లాగు!"

గళ్ళు ఒక్కొక్కటే సాగి చదరమయ్యాయి. ఆమె వాటిని చూస్తూ ఏడ్చింది. ఇంత అందమైన వస్తువుని జీవితంలో చూడలేదనిపించింది.

ముల్లిన్స్ గుమ్మం ముందున్న జీపు తలుపు తెరిచి వైర్‌లెస్ అందుకున్నాడు. "యారంబీ జీపు మాట్లాడుతున్నా. పాట్రిజ్ వాళ్ళ ఫారంకి పంపిన అంబులెన్సు ఎంత దూరంలో ఉంది?"

గరగరల మధ్య ఆడగొంతు పలికింది. "ఏ అంబులెన్సు గార్త్? ఆ ఫారం నుంచి ఇవాళ ఎవరూ ఫోన్ చెయ్యలేదే."

గార్త్ ముల్లిన్స్ హెలికాప్టరు పంపమన్నాడు, కాటు వేళ నెల్‌ని అడిగి 'మూడూ రెండు' అని చెప్పాడు. వచ్చి వారెన్ ఒళ్ళోంచి ఫైలు తీసుకున్నాడు. తెరిచి ఫోటో చూశాడు. అందులో గళ్ళు చూశాడు. తర్వాత వారెన్ చేతికి బేడీ వేసి రెండో కొస గొర్రెల దొడ్డి కమ్మీకి తగిలించాడు.

"నా కూతురికి చదరంగానే కట్టావు నువ్వు" అన్నాడు. ఇంతవరకూ ఆ మనిషిని అతను మీరు అనే పిలిచాడు. "కట్టడం రాక కాదు."

వారెన్ కోర్డెల్ బేడీని చూసుకున్నాడు, పాఠం చెప్పేవాడిలా తలూపాడు.

"ఐల్సా కూడా థాంక్స్ చెప్పింది" అన్నాడు. "హాయిగా ఉంది వారెన్ అంది."

నెల్ కళ్ళు మూసుకోలేదు. పలకల సందుల కింద ఏదో నెమ్మదిగా రాసుకుంటూ పోతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. హెలికాప్టరు రావడానికి నలభై నిమిషాలు పడుతుందని వైర్‌లెస్ చెప్పింది. అంతసేపూ ఆమె అక్కడే, దాని మీదే, కదలకుండా పడుకుని ఉండాలి.